పురుగుకి మందు దొరికింది

ఉదయం ఎనిమిదీ పది. ఆసుపత్రిలో నాలుగో నంబరు గది బయట బల్ల మీద దీనమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను పెట్టుకుని, కోడి పిల్లల్ని కప్పుకున్నట్టు రెండు చేతులూ దాని మీద కప్పుకుంది. గదిలో ఆమె కూతురు బ్లెస్సీ నిన్న సాయంత్రం నుంచి కళ్ళు తెరవలేదు.

పక్కనే స్టెల్లమ్మ. ఆవిడ సంగతి అమలాపురంలో ఎవరినడిగినా చెబుతారు. రాజోలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కళ్ళద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది గేదో ఆటోనో తెలియదు గాని, చెవి మాత్రం అలాంటిలాంటి చెవి కాదు. తొంభై ఆరు తుఫానులో లైన్లన్నీ తెగిపోయి, మిగిలిన ఒక్క తీగ మీద గరగరమంటూ ఎవరో "హలో" అంటే, "మలికిపురం కొబ్బరి కమిషను శ్రీరాములుగారు, బతికే ఉన్నారు" అని వాళ్ళావిడకి కబురంపిన చెవి అది.

"ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదువు దీనమ్మా."

దీనమ్మ ఫోను చూడనే లేదు. నిన్నటి నుంచి అదే జపం అయిపోయింది ఆమెకి.

"'అమ్మా, పురుగుకి మందు దొరికింది. ఇవాళ్టితో అంతా అయిపోతుంది. నువ్వు బెంగ పెట్టుకోకు.' మూడూ నలభై ఎనిమిదికి పంపిందండి. నాలుగూ నలభైకి ఆఫీసు గదిలో పడిపోయి ఉందని కబురొచ్చింది. పక్కన పురుగులమందు డబ్బా. సీఐ గంగాధరరావుగారు ఇది చూసి, 'ఇంకేముందమ్మా, పిల్ల రాసి మరీ తాగింది' అనేసేరు."

"నువ్వేమన్నావు?"

"నా పిల్ల తాగదన్నానండి. మొన్ననే గదండీ, క్రిస్మస్‌కి చుడీదారు కుట్టమని కొలతలిచ్చొచ్చింది! చేతులు మోచేతి దాకా పెట్టమని రెండుసార్లు చెప్పిందట. చావదలుచుకున్న పిల్లకి చేతుల పొడుగెందుకండీ అక్కయ్యగారూ?"

లోకంలో ఎన్ని సాక్ష్యాలున్నా దర్జీకిచ్చిన కొలతంత గట్టి సాక్ష్యం ఉండదని స్టెల్లమ్మకీ అనిపించింది.

ఇంతలో డాక్టర్ అనురాధ గదిలోంచి వచ్చి, తలుపు చేరవేసి, గొంతు తగ్గించింది.

"పురుగులమందు తాగినవాళ్ళని నెలకి పది మందిని చూస్తానండి నేను. వాసన గుమ్మం దాకా వస్తుంది. నోటి వెంట నురగ, కంటిపాపలు ఆవగింజలంత అయిపోతాయి. ఈ అమ్మాయికి ఇవేవీ లేవు. నిద్రమాత్రలు, అదీ చాలా ఎక్కువ. సీఐగారు పురుగులమందని రాయమంటున్నారు. నేను రాయలేదు." వాచీ చూసుకుంది. "ఏడున్నరకి ఎడంచేతి చిటికెన వేలు కదిపింది. మధ్యాహ్నానికి కళ్ళు తెరవొచ్చు."

దీనమ్మ "స్తోత్రం తండ్రీ" అంటూ లేవబోతే స్టెల్లమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఈ వేలు సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి. మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకు. ఎవడో దీని నోట్లో మాత్రలు పోసేడు. ఈ పిల్ల కళ్ళు తెరిస్తే వాడి పేరే చెబుతుంది. వాడు తెరవనివ్వడు, తెలిసిందా?"

"ఆయ్," అంది దీనమ్మ. పైట చెంగుతో ఫోను అద్దం తుడుచుకుంది. "ఇదిగోనండి, ఈ ఫోను ఆటలో పనే మా పిల్లది. చెడుగుడు. మనం ఫోన్లోకి కూత పెట్టాలి, గుక్క తిప్పుకుంటే అవుటు. నా ఫోన్లో కూడా ఎక్కించింది. 'అమ్మా, నీది చర్చిలో పాడే క్వయిరు గుక్క, నువ్వాడితే తప్పులు దొరుకుతాయి' అని. నలభై సెకన్లు ఆపకుండా అంటానండి నేను." నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

ఫోను ఆమె ఒళ్ళోనే ఉంది, వెల్లకిలా.

*

తొమ్మిదీ నలభైకి స్టెల్లమ్మ బ్లెస్సీ పనిచేసే ఆఫీసు మెట్లెక్కింది. కింద కొబ్బరికాయల గొడౌను, పైన ఆఫీసు. పదకొండు మంది పిల్లలు పొద్దస్తమానం ఫోన్లో చెడుగుడు ఆడుతూ, ఆటలో తప్పులు పట్టి రాస్తుంటారు. ఆట బజారులోకొచ్చి ఆరు నెలలైంది. ఇంటింటా పిల్లలు గుక్క పట్టి అరుస్తున్నారు.

ఆఫీసు పెద్ద ప్రవీణ్ కుమార్ గుమ్మంలోకి ఎదురొచ్చేడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. తెల్లచొక్కా, మెత్తని మాట, నోట్లో వేలు పెడితే కొరకలేడేమో అన్నట్టుంటాడు.

"నమస్కారమండీ. బ్లెస్సీ మా ఇంటి పిల్లలాంటిదండి. మీకేం కావాలన్నా అడగండి."

"నిన్న మూడున్నరకీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడున్నారండీ?"

"కొత్తపేటలోనండి. రెండింటికి వెళ్ళి అయిదు దాటేక వచ్చేను. వచ్చేసరికి అంబులెన్సు కూడా వెళ్ళిపోయింది. ఆ సమయానికి నేనుండి ఉంటే..."

"పడిపోయిన గది చూపిస్తారా?"

"ఆయ్."

స్టెల్లమ్మ తలెత్తి చూసింది. గోదావరి గడ్డ మీద ఆయ్ అననివాడు ఎవడు? కానీ ముప్ఫై ఏళ్ళు చెవికి తీగ తగిలించుకు కూర్చున్న మనిషికి మనుషులెంతమందో ఆయ్‌లూ అన్నే. అందరూ దాన్ని బయటికి వదులుతారు. ఇతను ఊపిరి లోపలికి పీల్చుకుంటూ మింగుతున్నాడు, వేడి ముద్ద నోట్లో పడ్డట్టు. కొత్తరకం, అనుకుని మనసులో ఒక మూల పెట్టుకుంది.

ఆ గదిని ఆఫీసులో పీచు గది అంటారు. కూత సరిగ్గా వినబడుతోందో లేదో చూడాలంటే బయటి చప్పుడు లోపలికి రాకూడదు. అందుకని నాలుగు గోడలకీ, కప్పుకీ, తలుపుకీ కొబ్బరిపీచు పరుపులు కొట్టించేరు. లోపల అడుగుపెడితే మన గుండె మనకే వినిపిస్తుంది. ఫోను సిగ్నల్ కూడా అందదు.

స్టెల్లమ్మ ఒంగి గోడకి ముక్కు ఆనించింది. కాఫీ. పీచు మట్టివాసన. మళ్ళీ కాఫీ. కూర్చున్న ఎత్తులో ఒక పరుపు మీద చెయ్యెడు వెడల్పున మరక.

"ఇక్కడ కాఫీ తాగుతారా?"

"పిల్లలండీ. ఎంత చెప్పినా వినరు." ప్రవీణ్ కుమార్ నవ్వేడు. "మీరూ తీసుకోవాలి. నేనే కలుపుతానండి, మా ఆఫీసులో అదే ఆచారం."

మరో అయిదు నిమిషాలకి హాల్లో గాజు గ్లాసులో కాఫీ కలిపి, చెంచాతో తిప్పి, చెంచాని గ్లాసు అంచుకి మూడుసార్లు తట్టేడు. టింగ్. టింగ్. టింగ్. గ్లాసు చేతికిస్తూ, "దేవుడు దయగలవాడండి. చిటికెన వేలు కదిపిందంటే ఇంక భయం లేనట్టే," అన్నాడు.

పెదవి దాకా వచ్చిన గ్లాసు ఆగిపోయింది.

వేలి సంగతి ముగ్గురికే తెలుసు. డాక్టరమ్మ చెప్పదు. దీనమ్మ ఆ బల్ల వదిలి కదలలేదు. మరి ఆ కబురు ఇక్కడికి ఎలా నడిచొచ్చింది?

"కాఫీ పడదండి నాకు. మరిచిపోయి తీసుకున్నాను," అని గ్లాసు బల్ల మీద పెట్టేసింది స్టెల్లమ్మ.

*

పదిన్నరకి మెట్ల మీద బూట్ల చప్పుడు. సీఐ గంగాధరరావు, పీచు గదిలో దొరికిన ఫోన్లు పెట్టి సీలు వేసిన కవరు చేత్తో పట్టుకుని పైకొచ్చేడు. పంచనామా కాగితాల మీద ఆఫీసువాళ్ళ సంతకాలు కావాలి. స్టెల్లమ్మని చూడగానే మీసం కింద నవ్వేడు.

"ఏవండోయ్ స్టెల్లమ్మగారూ! ట్రంకు కాల్ బుక్ చేసుకోడానికొచ్చేరా? ఎక్స్ఛేంజి ఎత్తేసి చాన్నాళ్ళయిందండి!"

"ఎత్తేసేరండి గంగాధరరావుగారూ. రాంగ్ నంబర్లు మాత్రం ఇప్పటికీ తగులుతూనే ఉన్నాయి. ఇదిగో, ఇప్పుడే ఒకటి మెట్లెక్కింది."

హాల్లో పిల్లలు తలలొంచుకుని నవ్వు మింగేరు. సీఐ మొహం ఎర్రబడింది.

"పిల్ల రాసింది, డబ్బా దొరికింది. ఇంకా ఏం కావాలండీ మీకు?"

"డబ్బా మూత బిగించి ఉందా, తీసి ఉందా?"

"బిగించే ఉంది."

"మందు తాగి, మరమూత గట్టిగా బిగించి, అప్పుడు పడిపోయిందన్నమాట. జాగ్రత్తగల పిల్లేనండి. ఆ గదిలోకెళ్ళి ఒక్కసారి వాసన చూడండి. పీచుకి వాసన పట్టిందంటే వారం వదలదు. మూత తీసిన డబ్బా పావుగంట ఉన్నా ఆ గోడలు ఇవాళ మనల్ని నిలబడనివ్వవు. ఉన్నది కాఫీ వాసనే."

"నేను ముక్కుతో డ్యూటీ చెయ్యనండి!"

"అదే గదండీ వచ్చిన చిక్కు."

సీఐ ఏదో అనబోయేడు. అంతలో ఆయన జేబులోంచి గట్టిగా ఓ కేక: "కూతకి వేళయింది! చెడుగుడు, చెడుగుడు!"

ఈసారి పిల్లలు ఆగలేదు, గొల్లుమన్నారు. సీఐ కంగారుగా ఫోను తీసి నొక్కి మళ్ళీ జేబులో పడేసుకున్నాడు. "మావాడు ఎక్కించేడు. ఎనిమిదేళ్ళ వెధవ. తీసేస్తే అన్నం మానేస్తాడు."

ఆ నవ్వులో ప్రవీణ్ కుమార్ ఒక్కడే కలవలేదు. ఆ జేబు వైపు ఒకసారి చూసి, వాచీ చూసుకుని, "నాకు రాజోలులో మీటింగుందండి, సెలవు," అని కాగితం మీద సంతకం పెట్టి దిగి వెళ్ళిపోయేడు. పదీ యాభై.

అతని మోటారుసైకిలు చప్పుడు సందు మలుపు తిరిగేదాకా స్టెల్లమ్మ వింది. ఆ తరువాత మూల కుర్చీలో గోళ్ళు కొరుకుతున్న కుర్రాడి దగ్గరికి వెళ్ళింది. పేరు కళ్యాణ్. నిన్న బ్లెస్సీని మొదట చూసినవాడు.

"చెప్పు బాబూ. పొద్దుటి నుంచీ నువ్వు చెప్పాలని చూస్తున్నావు, నేను వినాలని చూస్తున్నాను."

కళ్యాణ్ సీఐ వైపు చూసి, సొరుగులోంచి లావుపాటి నోటుపుస్తకం తీసేడు. అట్ట మీద బ్లెస్సీ చేతిరాత: పురుగుల పుస్తకం.

"మేము తప్పుని పురుగంటామండి. తప్పు దిద్దితే మందేసేం అంటాం. పొద్దున్న లేస్తే ఇక్కడ ఇదే మాటండి. 'నా పురుగు దొరికింది', 'నీ పురుగుకి మందెయ్యలేదా'. వాళ్ళమ్మగారికి కూడా అలవాటైపోయింది ఈ భాష, కానీ నిన్న కంగారులో..."

గంగాధరరావు చేతిలో కవరు కిందికి జారింది.

స్టెల్లమ్మ పుస్తకం తిప్పింది. అవుటైనవాడు కోర్టు దాటకుండా గాలిలో కూర్చుంటున్నాడని ఒక పురుగు. రిఫరీ వెనక్కి నడుస్తున్నాడని ఒకటి. గోదావరి దాటించే పంటు ఇంజను పక్కన నిలబడి ఆడితే ఇంజను చప్పుడునే కూత అనుకుంటోంది, గుక్క ఎప్పటికీ తెగడం లేదని ఇంకొకటి. వేరే రోజైతే ఆవిడ పడీపడీ నవ్వేది. చివరి పేజీలో నంబరు రెండువందల పన్నెండు. ఆ అక్షరాలు కాగితం చిరిగేంత ఒత్తి రాసి ఉన్నాయి.

'ఆట అయిపోయినా, ఆట మూసేసినా, దీని చెవి మూసుకోవడం లేదు. వింటూనే ఉంది. విన్నదంతా మా కంప్యూటరుకి పంపుతోంది.'

"కూత వినాలంటే మైకు తెరవాలి గదండీ," అన్నాడు కళ్యాణ్. "ఆటయ్యాక మూసెయ్యాలి. ఆ మూసే ముక్క ఒకచోట తప్పు పడింది. తప్పు ఎవరిదైనా అవ్వొచ్చండి, పని అన్నాక పడుతుంది. కానీ ఆర్నెల్ల నుంచీ ఒకాయనకి ఇది తెలుసు. దిద్దనివ్వలేదు. ఎక్కడున్నా తన ఫోన్లోంచే, ఎవరి ఫోను కావాలంటే వాళ్ళది ఎంచుకుని ఇప్పటికిప్పుడు వినొచ్చు. తాళం ఆయన దగ్గరే ఉంది." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మా నాన్నకి జబ్బు బయటపడ్డ రోజు ఇంట్లో తలుపులేసుకుని మాట్లాడుకున్నామండి. మర్నాడు ఆయన నా పక్కకొచ్చి, 'ఉద్యోగం మానే ఆలోచన పెట్టుకోకు, మీ నాన్నగారికి ముందుముందు మందులకి కావాలిగా' అన్నాడు. నేనెవరికీ చెప్పలేదండి, ఒట్టు."

స్టెల్లమ్మ కుర్చీలో కూలబడింది. ఎక్స్ఛేంజిలో చేరిన రోజు ప్రమాణం చేయించేరు ఆవిడ చేత: ప్లగ్గు పెట్టి ఇద్దరిని కలపడమే నీ పని, వాళ్ళ మాట నీది కాదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి తప్పింది. వినకూడనిది విని, నోరు మూసుకోలేక చెబితే, ఒక పెళ్ళి చెడింది. ఆ పాపం ఇవాళ్టికీ వదల్లేదు. ఒక్క ప్లగ్గుకే అంత బరువు. వీడు ఇంటింటికీ ప్లగ్గు పెట్టి కూర్చున్నాడు.

"నిన్న ఆ గదిలో బ్లెస్సీ ఏ ఫోను మీద ఆడింది?"

"పరీక్షల ఫోనండి. సొంత ఫోను వేరే. అమ్మగారికి మెసేజి మెట్ల మీంచి పంపి, ఆ తరువాతే పీచు గదిలోకెళ్ళింది."

"పీచు గదిలో సిగ్నల్ రాదు."

కళ్యాణ్ కుర్చీలోంచి లేచేడు. "అయితే... విన్నది కంప్యూటరుకి వెళ్ళదండి. ఫోన్లోనే ఉండిపోతుంది!"

ఇద్దరూ ఒకేసారి సీఐ చేతిలోని కవరు కేసి చూసేరు.

"కుదరదు," అన్నాడు గంగాధరరావు. "సీలేసింది."

"అయిదు నిమిషాలు వినండి. ఏమీ లేకపోతే నా ఆఫీసు బోర్డు నేనే పీకి తెచ్చి మీ స్టేషను గుమ్మంలో పడేస్తాను. మీ జవాన్లు దాని మీద టీలు పెట్టుకోండి."

సీఐ ఆవిడ మొహంలోకి చూసేడు. తరువాత, ఎవరూ అనుకోని విధంగా, తనే గోటితో సీలు చించేడు.

*

పదకొండూ ఇరవై. హాలు ఖాళీ చేయించి ముగ్గురే కూర్చున్నారు. కళ్యాణ్ ఫోను తెరిచి మూడూ యాభై రెండు దగ్గర పెట్టేడు.

మొదట బ్లెస్సీ కూత. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... ఆరోగ్యమైన గొంతు, తల్లి గుక్కే. ఈల. ఆట ముగిసింది. ఆపైన పీచు గది నిశ్శబ్దం.

మూడూ యాభై ఆరు. తలుపు.

"వెనక మెట్ల మీంచి వచ్చేరా అండీ? మీరు కొత్తపేట వెళ్ళేరన్నారే! మందు దొరికిందండి. ఒక్క ముక్క మారిస్తే చెవి మూసుకుంటుంది. సాయంత్రం పైవాళ్ళకి పంపేస్తాను. మీరు వద్దన్నా పంపాలండి, తప్పదు."

చిన్న విరామం. ఊపిరి లోపలికి పీలుస్తూ, ముద్ద మింగినట్టు ఒక్క మాట.

"ఆయ్."

టింగ్. టింగ్. టింగ్.

"ఇప్పుడెందుకండీ కాఫీ... సరే, ఇయ్యండి."

కళ్యాణ్ ముందుకి జరిపేడు. నాలుగూ పదకొండుకి గ్లాసు దొర్లింది. నాలుగూ పద్నాలుగుకి ఎవరో బట్టలు తడిమిన చప్పుడు, పిల్ల సొంత ఫోను తెరుచుకున్న చిన్న గంట. నాలుగూ పదహారుకి, తల్లికి పంపిన ఆ ముక్కని ఎవరో పెదాల మీద మెల్లగా చదువుకుంటున్నారు: "పురుగుకి... మందు..." చదివి, చిన్నగా నవ్వుకున్నారు. నాలుగూ ముప్ఫై ఒకటికి నేల మీద డబ్బా పెట్టిన చప్పుడు. తలుపు.

గంగాధరరావు టోపీ తీసి బల్ల మీద పెట్టేడు. "ఆ డబ్బా కింద గొడౌనుదే అయ్యుంటుందండి. మా నాన్న కూడా కొబ్బరిచెట్ల మొవ్వులో అదే వేసేవోడు. నాకు నిన్న ఒక్క క్షణం కూడా..."

"అవన్నీ తరువాత. వేలు కదిపిన సంగతి వాడికి ఎలా తెలిసిందో ఇప్పుడు తెలిసింది నాకు. దీనమ్మ ఒళ్ళో ఫోను. దాన్లోనూ ఈ ఆట ఉంది. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు తెరుస్తుందని కూడా విన్నాడు. వాడు రాజోలు పోలేదండి. ఆసుపత్రికే పోతాడు."

ఆ తరువాత జీపులో, కళ్యాణ్‌ని వెనక కూర్చోబెట్టుకుని, స్టెల్లమ్మ పథకం చెప్పింది. దీనమ్మ ఫోనుని వలలో ఎరగా వాడాలి. డాక్టరమ్మ ఆ ఫోను దగ్గర నిలబడి, "అమ్మాయిని వరండా ఆ చివర పదకొండో గదికి మారుస్తున్నాం" అని గట్టిగా అనాలి. అని, ఫోనుని తీసుకెళ్ళి పదకొండో గది కిటికీలో పెట్టాలి. పిల్ల మాత్రం నాలుగులోనే తల్లి దగ్గర ఉంటుంది. పదకొండులో మంచం మీద స్టెల్లమ్మ దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుంది. సీఐ తలుపు చాటున, ఇద్దరు జవాన్లు మామూలు బట్టల్లో ఆ చివర మెట్ల దగ్గర.

"నాలుగు దగ్గర ఒక మనిషిని పెట్టమంటారా?" అన్నాడు గంగాధరరావు.

"వద్దు. గుమ్మంలో మనిషి కనిపిస్తే వాడికి అనుమానం వస్తుంది. దీనమ్మకి పేరు కూడా చెప్పొద్దు. తల్లి ప్రాణం, తట్టుకోలేదు. అరిచిందంటే అంతా పోతుంది."

గంగాధరరావు తల ఊపేడు. జన్మలో మొదటిసారి ఆవిడ మాట మారు మాట్లాడకుండా విన్నాడు.

*

పన్నెండూ పది. పదకొండో గది. డాక్టరమ్మ చెప్పినట్టే చేసి, ఏమీ ఎరగనట్టు ఓపీలోకి వెళ్ళి కూర్చుంది. కళ్యాణ్ ఆ గదిలోనే ఉన్నాడు. కిటికీలో దీనమ్మ ఫోను. దుప్పటి కింద స్టెల్లమ్మ కళ్ళు మూసుకుని చెవి తెరిచింది.

చక్రాల బండి వెళ్ళింది. ఎవరో దగ్గేరు. ఆయమ్మ బకెట్టు. పన్నెండూ పదిహేను. ఎవరూ రాలేదు. పన్నెండూ ఇరవై. తలుపు చాటున సీఐ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు.

రావాలే, అనుకుంది. ఇంకా రాలేదేమిటి? అంత తెలిసినవాడు ఆగుతాడా?

అప్పుడు సీఐ జేబులోంచి సన్నగా, ఉత్సాహంగా, చిన్నపిల్లలని పిలిచినట్టు:

"కూతకి వేళయింది! చెడుగుడు, చెడుగుడు!"

స్టెల్లమ్మ దుప్పటి తీసేసి లేచి కూర్చుంది.

"గంగాధరరావుగారూ. జీపులో నేను మీకు ఇదంతా చెబుతున్నప్పుడు, ఆ ఫోను ఎక్కడుంది?"

"ఎక్కడుంటదండి. జేబులోనే..."

సీఐ ఫోను బయటికి తీసేడు. అద్దం మీద ఆటగాడి బొమ్మ గీత మీద నిలబడి ఎగురుతోంది. కళ్యాణ్ చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఇందాక ఆఫీసులో కూడా మోగిందండి," అన్నాడు, "ప్రవీణ్ గారు చూసేరు."

ఒక చెవి కనిపెట్టిన సంబరంలో రెండో చెవి పక్కనే కూర్చుని అన్నీ వప్పచెప్పింది స్టెల్లమ్మ. ఏ గదిలో ఉందో. గుమ్మంలో ఎవరూ ఉండరని. తల్లికి పేరు తెలియదని.

అప్పుడే వినబడింది. వరండా ఆ చివర నుంచి, అన్ని చప్పుళ్ళ అడుగున, గాజు గ్లాసు అంచు మీద చెంచా.

టింగ్. టింగ్. టింగ్.

స్టెల్లమ్మ చెప్పులు లేకుండా పరిగెత్తింది. వెనక బూట్లు, అరుపులు, ఎవరి మీదో పడ్డ ఇనుప బల్ల. అరవై నాలుగేళ్ళ ఒళ్ళు, ఎనిమిది గుమ్మాల వరండా. "దీనమ్మా, తాగకు" అని ఒక్క కేక పెడితే చాలు. నోరు తెరిచింది. గుక్క లేదు. ఊపిరి తెగిపోయి, పెదాలు మాత్రం కదిలేయి.

నాలుగో గదిలోంచి దీనమ్మ గొంతు ఎంతో మర్యాదగా వినిపిస్తోంది.

"అయ్యో, అంత దూరం మీరు రావాలా బాబూ! మా పిల్ల ఎప్పుడూ మీ మంచితనమే చెబుతుందండి. పొద్దుటి నుంచీ నిజంగానే మంచినీళ్ళు కూడా ముట్టలేదు నేను."

"వేడిగా ఉందండి. చల్లారకుండా తాగెయ్యండి. అమ్మాయి దగ్గర నేను కూర్చుంటాను."

"ఆయ్," అంది దీనమ్మ. "ఇలా ఇయ్యండి."